ఎనిమిది యూరోల ఏరు

రోమ్‌లో దిగిన మొదటి రోజు నేను చేసిన పొరపాటు లియొనార్డో ఎక్స్‌ప్రెస్ ఎక్కడం. రైలును తప్పుపట్టడానికేమీ లేదు. చెప్పిన మాట ప్రకారం 32 నిమిషాల్లో ఎయిర్‌పోర్టు నుంచి తెర్మినీ స్టేషన్లో దింపింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. 14 యూరోలు తీసుకుంది. దారిలో ఏమున్నదో తెలియకుండానే ఊళ్లో పడ్డాను.

తర్వాత నాలుగేళ్లు అదే దారి పక్కన కాపురమున్నాను. చుట్టాలను దింపుకోవడానికీ సాగనంపడానికీ ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. అప్పుడు తెలిసింది, ఎయిర్‌పోర్టు పేరులోనే దారి ఉందని. ఇటాలియన్‌లో ఫ్యూమె అంటే నది. ఫ్యూమిచీనో అంటే చిన్న ఏరు. టైబర్ నది సముద్రంలో కలిసే ముందు రెండుగా చీలుతుంది. అందులో ఒక పాయ మనుషులు తవ్వింది. ట్రాజన్ చక్రవర్తి పేరు మీద ఉన్న ఆ కాలువ ఒడ్డున వెలిసిన ఊరే ఫ్యూమిచీనో. ఈజిప్టు నుంచి గోధుమలు వచ్చింది అక్కడి రేవుకే. అక్కడి నుంచి నదిలో ఎదురెక్కి రోమ్‌కు చేరేవి. నదికి కుడిగట్టున నడిచిన పాత బాటకు పేరే వియా పోర్తుయెన్సె, రేవు దారి. ఇప్పుడు రైలు వెళ్లేది కూడా ఆ గట్టునే. రెండు వేల ఏళ్లుగా రోమ్‌కు వచ్చేపోయే దారి ఇదే. పడవ పోయి విమానం వచ్చిందంతే.

ఈ దారిలో నడిచే రైళ్లు రెండు. ఒకటి ఆగని ఎక్స్‌ప్రెస్. రెండోది ఎఫ్‌ఎల్1 అనే లోకల్, 8 యూరోలు. అది తెర్మినీకి రాదు. తిబుర్తీనా, తుస్కొలానా, ఓస్తియెన్సె, త్రస్తేవెరె మీదుగా ప్రతి స్టేషన్లో ఆగుతూ పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు తెర్మినీలో దాన్ని వెతుక్కుని, దొరక్క, ఎక్స్‌ప్రెస్ కోసం 23వ ప్లాట్‌ఫారం దాకా పెట్టెలు ఈడ్చుకుంటూ పోతారు. టాక్సీ వద్దనుకున్నవాళ్ల సంగతి ఇది. టాక్సీకైతే ఖాయమైన రేటుంది. ఆరేలియన్ గోడ లోపల ఎక్కడ ఎక్కినా ఫ్యూమిచీనోకు ఇప్పుడు 55 యూరోలు. ఆ గోడ క్రీ.శ. 271లో, అనాగరికుల దండయాత్రల భయంతో కట్టడం మొదలుపెట్టినది. మా మేనత్తకు ఈ సంగతి చెబితే, "అయితే ఇంకా పొలిమేర లెక్కే నడుస్తోందన్నమాట" అంది.

రెండో ఎయిర్‌పోర్టు చాంపీనో. ఊరికి ఆగ్నేయంగా, ఆప్పియా రోడ్డు పక్కన. 1916 నుంచి ఉంది. 1926 ఏప్రిల్లో నోర్గె అనే గాలినౌక ఉత్తర ధ్రువానికి బయలుదేరింది ఇక్కడి నుంచే. ఇప్పుడు చౌక విమానాలు దిగుతాయి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మోతకు తట్టుకోలేక గొడవ చేస్తుంటారు. అక్కడికి బస్సే దిక్కు. లేదంటే బస్సులో చాంపీనో ఊరి స్టేషన్ దాకా వెళ్లి రైలు ఎక్కాలి. ఒకసారి తెల్లవారుజామున నాలుగున్నర బస్సుకు ముందే టికెట్ కొనుక్కుని, తెర్మినీ పక్క సందులో ఐదుంపావు దాకా నిలబడ్డాను. కంపెనీ పేరెందుకుగానీ బస్సు రాలేదు. నలుగురం కలిసి టాక్సీ మాట్లాడుకున్నాం. చాంపీనోతో నా అనుబంధం అంతవరకే.

మళ్లీ ఎఫ్‌ఎల్1 దారికి వస్తే, ఓస్తియెన్సె దగ్గర ఆగాలి. పాలరాతి స్తంభాల ఆ స్టేషన్ పుట్టిందే ఒక అతిథి కోసం. 1938 మే నెలలో హిట్లర్ రోమ్‌కు వచ్చినప్పుడు అతణ్ణి ఇక్కడే దింపారు. స్టేషన్ ఎదురు వీధికి అతని పేరు పెట్టారు. యుద్ధం అయ్యాక ఆ పేరు తీసేసి, 1944 మార్చిలో నాజీలు 335 మందిని కాల్చి చంపిన ఆర్దెయాతీనె గుహల పేరు పెట్టారు. వీధి పేరు మార్చడంలో ఇంత న్యాయం నేను మరెక్కడా చూడలేదు.

అదే స్టేషన్ వెనక ఇంకో కట్టడం ఉంది. 1990 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఎయిర్‌పోర్టు రైలు వేసినప్పుడు, ఆ రైలెక్కేవారి కోసం కమానులతో, గాజు పైకప్పుతో పెద్ద ఎయిర్ టెర్మినల్ కట్టారు. కానీ ప్రయాణికులకు కావాల్సింది తెర్మినీ. ఎక్స్‌ప్రెస్ అటు మళ్లింది. టెర్మినల్ మూతపడింది. చాలా ఏళ్లు అద్దాలు పగిలి, గోడల నిండా రాతలతో పడి ఉంది. అఫ్ఘానిస్తాన్ నుంచి కాలినడకన, లారీల కింద దాక్కుని వచ్చిన కుర్రాళ్లు ఆ చుట్టుపక్కలే గుడారాలేసుకుని పడుకునేవారు. ప్రయాణికుల కోసం కట్టినదాన్ని వాడుకున్నది ఆ ప్రయాణికులే. 2012లో అది ఈటాలీ అనే నాలుగంతస్తుల తిండి బజారుగా తెరుచుకుంది. ఇప్పుడక్కడ జున్నులో ఎన్ని రకాలున్నాయో చూడటానికే ఒక పూట పడుతుంది. కట్టడం బతికింది, నిజమే. గుడారాల వాళ్లు ఏమయ్యారని అడిగితే మాత్రం బజారు వాళ్లకేం తెలుస్తుంది?

ఓస్తియెన్సె దాటగానే రైలు టైబర్ మీదకు వస్తుంది. ఎడమవైపు, ఇనుప పంజరంలా ఆకాశంలోకి లేచిన గ్యాస్ ట్యాంకు అస్థిపంజరం. కింద నది ఆకుపచ్చగా, బురదగా, పెద్దగా కదలికలేకుండా ఉంటుంది. మా మేనత్తను తొలిసారి తీసుకొచ్చినప్పుడు కిటికీకి ముఖం ఆనించి చూసింది. "ఇదేనా టైబరు?" అంది. ఇదే అన్నాను. ఇంకేమీ అనలేదు. గోదారి గట్టు మీద పుట్టినవాళ్లకు ఇలాంటిచోట మర్యాద కోసం మౌనంగా ఉండటం అలవాటే.

త్రస్తేవెరె స్టేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గైడు పుస్తకాల త్రస్తేవెరె అక్కడికి కాస్త దూరంలో ఉంటుంది. తర్వాతి స్టేషన్ విల్లా బొనెల్లి. నేనుండేది అక్కడే, గుట్ట మీద. గుట్టకూ నదికీ మధ్య పల్లంలో ఉన్నది మాల్యానా.

మాల్యానా పేరు చెబితే ఇటలీ వాళ్లకు ముందు గుర్తొచ్చేది 1970లలో ఇక్కడ పుట్టిన నేర ముఠా. సినిమాలూ సీరియళ్లూ వచ్చాయి. నాకు మాత్రం అది కూరగాయలు కొనుక్కునే ఊరు. ఎనిమిదేసి అంతస్తుల భవనాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. పై అంతస్తు బాల్కనీలో ఆరేసిన దుప్పటి ఎదురింటి బాల్కనీని తాకుతుందేమో అనిపిస్తుంది. వీధి చివర పచ్చగడ్డి మొలిచిన మట్టి గోడలాంటిది అడ్డంగా కనిపిస్తుంది. అది టైబర్ గట్టు.

మేనత్తను ఆ గట్టు మీదకు వాకింగ్‌కు తీసుకెళ్లాను. పైకెక్కి, ఒకసారి నది వైపూ ఒకసారి ఇళ్ల వైపూ చూసి ఆగిపోయింది.

"ఏరా అబ్బాయ్, ఏటిగట్టు ఇంతెత్తున ఉంటే ఇళ్లు పల్లంలో కట్టారేంట్రా? మెరక చేసుకోకుండానే పునాదులేశారా?"

కోనసీమలో 1986 ఆగస్టు వరదలో గట్టు తెగితే, పిల్లలను చంకనేసుకుని పడవెక్కిన మనిషి ఆవిడ. నాకు నాలుగేళ్లలో తోచని ప్రశ్న ఆవిడకు నాలుగు నిమిషాల్లో తోచింది. తర్వాత ఇరుగుపొరుగును అడిగితే, అచ్చంగా అదే జరిగిందని చెప్పారు. ఇక్కడ ఇళ్లు కట్టాలంటే ముందు మట్టి పోసి నేలను గట్టు ఎత్తుకు మెరక చేయాలన్నది షరతు. బిల్డర్లు మట్టి పోయలేదు. ఉన్న పల్లంలోనే పునాదులేసి, మట్టి కింద పోవాల్సిన అంతస్తులను కూడా ఇళ్లుగా అద్దెకిచ్చారు. మునిసిపాలిటీకి కనబడలేదు, కనబడినా అడగలేదు. కాపురానికి వచ్చినవాళ్లు కూలీనాలీ జనం. 1970లలో వాళ్లే తిరగబడి, చెప్పిన అద్దె కట్టం, మాకు న్యాయమనిపించినంతే కడతామని కూర్చున్నారు. ముఠా మీద సినిమాలొచ్చాయి గానీ, నాకు తెలిసి ఈ అద్దె పోరాటానికి అంత పేరు రాలేదు.

రోమ్ నడిబొడ్డున టైబర్‌కు ఎత్తయిన రాతిగోడలు కట్టారు. 1870 డిసెంబరు వరద తర్వాత మొదలై యాభై ఏళ్లు సాగిన పని అది. గుళ్లూ గోపురాలూ ఉన్నచోట నదికి గోడ. అద్దెకుండేవాళ్లున్నచోట మట్టిగట్టు, దాని కింద ఇళ్లు. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ మాల్యానాను నిమిషంలో దాటేస్తుంది.

మురతెల్లా, ఆ తర్వాత పొంతె గలేరియా. ఇక్కడ దిగే విదేశీయులు తక్కువ. కానీ విదేశీయులకోసమే కట్టినదొకటి ఈ దగ్గర్లో ఉంది. కాగితాలు లేనివాళ్లను దేశం నుంచి పంపించేదాకా బంధించి ఉంచే కేంద్రం. నేరానికి శిక్షగా బంధించడం కాదది. అక్కడ ఉండేవాళ్లలో వీసా గడువు దాటినవాళ్లు, పని పోయి పర్మిట్ పోయినవాళ్లు ఉంటారు. 2013 డిసెంబరులో అక్కడి వాళ్లు కొందరు సూదీదారంతో పెదాలు కుట్టుకుని నిరసన తెలిపారు. ఎయిర్‌పోర్టుకు ఇంత దగ్గరలో దాన్ని ఎందుకు పెట్టారో వివరించనక్కరలేదు. రైలు కిటికీలోంచి చూస్తే ఏమీ తెలియదు; పొలాలు, రెల్లు, కరెంటు స్తంభాలు. నా పర్మిట్ రెన్యువల్ ఆలస్యమైన ఏడాది మాత్రం ఆ స్టేషన్ బోర్డు వచ్చినప్పుడల్లా నేను ఫోన్‌లోకి తల దించుకునేవాణ్ణి.

ఫియెరా ది రోమాలో ఎగ్జిబిషన్ హాళ్లు. పార్కో లియొనార్డోలో షాపింగ్ మాల్. తర్వాత ఎయిర్‌పోర్టు.

1960 ఆగస్టు 20న, ఒలింపిక్స్ రద్దీ కోసం ఫ్యూమిచీనోలో విమానాలు దిగడం మొదలైంది. పూర్తి స్థాయిలో తెరిచింది 1961 జనవరిలో. అదే ఏడాది దాని భూముల కొనుగోలు మీదా ఖర్చుల మీదా పార్లమెంటు విచారణ జరిగింది. చిత్తడి నేల, జమీందారు కుటుంబం భూములు, పెరిగిన అంచనాలు. మనకు వేరే చెప్పాలా? ఇప్పటికీ రన్‌వేల విస్తరణ మాట వచ్చినప్పుడల్లా, 1996లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన తీరభూమి పోతుందని స్థానికులు పోట్లాడుతూనే ఉన్నారు.

ఎయిర్‌పోర్టు కోసం నేల తవ్వినప్పుడు బయటపడ్డవి పడవలు. క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 42లో మొదలుపెట్టిన రేవు తాలూకు నేల అది. ఈజిప్టు నుంచి రాతిస్తంభాన్ని మోసుకొచ్చిన మహానౌకను ముంచి, దాని మీద దీపస్తంభం కట్టారట ఆ రేవులో. ఆ రాతిస్తంభం ఇప్పుడు సెయింట్ పీటర్స్ చౌకులో నిలబడి ఉంది. నది తెచ్చిన ఒండ్రుతో రేవు పూడిపోయింది, సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి పోయింది. దొరికిన పడవల చెక్కలను ఎయిర్‌పోర్టు పక్కనే మ్యూజియంలో పెట్టారు. 2002లో మరమ్మతులని మూసి, 2021లో తెరిచారు. దాదాపు రేవు కట్టడానికి పట్టినంత కాలమేమో! ట్రాజన్ తవ్వించిన ఆరు మూలల చెరువు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్కో భుజం 358 మీటర్లు. విమానం కిటికీ సీటు కలిసొస్తే కిందికి చూడండి, తేనెపట్టు గదిలా కనిపిస్తుంది.

రేవు పూడిన తర్వాత ఇక్కడ మిగిలింది దోమలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కూడా ఈ తీరమంతా మలేరియా. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు కదా, బేగంపేట పాత ఎయిర్‌పోర్టు పక్కన ఆ భవనం ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాది ఇటలీలో జొవాన్ని బత్తిస్తా గ్రాస్సి, మనుషులకు మలేరియా అంటించేది అనాఫిలిస్ దోమేనని తేల్చాడు. ఇద్దరూ నేనంటే నేనని జీవితాంతం పోట్లాడుకున్నారు. 1902 నోబెల్ రాస్‌కు ఒక్కడికే వచ్చింది. గ్రాస్సి 1925లో చనిపోతూ తనను ఫ్యూమిచీనోలో పూడ్చమన్నాడు. ఒకాయన జ్ఞాపకం బేగంపేట ఎయిర్‌పోర్టు పక్కన, ఇంకొకాయన సమాధి ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టు దగ్గర. రాస్‌కూ ఎయిర్‌పోర్టుకూ ఆగస్టు 20 కలవడం కాకతాళీయమే.

ఆ సమాధి చూడాలని, అక్కడి నుంచి నది సముద్రంలో కలిసేచోటు చూడాలని చాలాసార్లు అనుకున్నాను. పూర్వం ఊళ్లోకి రైలుండేది; ఆ స్టేషన్ మూసేశారు. ఎయిర్‌పోర్టు నుంచి బస్సెక్కాలి. నేను వెళ్లినప్పుడల్లా ఎవరో దిగుతుండేవారు, ఎవరో ఎక్కుతుండేవారు. వెళ్లలేదు.

రోమ్ వెళ్లేవాళ్లకు ఒక మాట. తిరుగు ప్రయాణంలో గంట టైముంటే తెర్మినీలో 23వ ప్లాట్‌ఫారం వైపు నడవకండి. మెట్రో బి లైన్లో నాలుగో స్టేషన్ పిరమిదెలో దిగండి, ఓస్తియెన్సెకు సొరంగం దారి ఉంది. కాగితం టికెటైతే ఎక్కేముందు మెషిన్లో ముద్ర వేయించండి, మరిస్తే జరిమానా. ఎడమవైపు కూర్చోండి.