కవరు చేరే వేళ

ఆఫీసులో టపాలు విప్పే బల్లదగ్గర కూర్చునే మా బోటి గుమాస్తాలకు ఒక సంగతి వంటబట్టి ఉంటుంది. ఉత్తరం మీద వ్రాసిన తేదీ వేరు, అది మా చేతికి వచ్చి ఇన్‌వర్డు నంబరు పడిన తేదీ వేరు. తగవు వచ్చిన నాడు రెండో తేదీయే నిలుస్తుంది. "గడువులోనే పంపానండీ" అని అర్జీదారు ఎంత మొత్తుకున్నా లాభం లేదు. తపాలా వోటు విషయంలోనూ మన దేశపు నిబంధన అచ్చంగా ఇదే. కాని ఈ సంగతి పట్టాళంలో పిల్లలున్న ఇళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

మా అక్కయ్య కొడుకు సైన్యంలో ఉన్నాడు. వోటు మాత్రం కోలారులో. 2023 మే 10వ తేదీన కర్ణాటక శాసనసభకు పోలింగు జరిగింది. ఆ సాయంకాలం వాడు అస్సాం నుంచి ఫోను చేసి, "మామయ్యా, ఈవేళే నా వోటు పోస్టులో వేశాను, గడువు తప్పలేదు" అన్నాడు. పోలింగు నాడే గడువని వాడి లెక్క. అసలు గడువు వోట్ల లెక్కింపు మొదలయ్యే వేళ. అంటే మే 13వ తేదీ ఉదయం 8 గంటలు. అస్సాం నుంచి కోలారుకు కవరు మూడు రోజులలో చేరడం మాటలా? అక్కయ్య మాత్రం "మా వాడు అంత దూరాన ఉండి కూడా వోటు వేశాడు" అని వీధివీధంతా చెప్పుకున్నది. ఆ ముఖం చూసి ఆ లెక్క చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ఆలస్యంగా వచ్చిన కవరును పారవేస్తారనుకునేరు. అదేమీ లేదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల ప్రకారం రిటర్నింగు ఆఫీసరు దాని మీద వచ్చిన తేదీ, వేళ వ్రాసి, అటువంటి వాటినన్నిటినీ వేరే కట్టగా కట్టి ఉంచాలి. విప్పరాదు, లెక్కించరాదు. కట్టలు కట్టే వృత్తిలో ఉన్నవాళ్ళం కనుక ఆ కట్ట మాకు ఇట్టే కళ్ళకు కనబడుతుంది. లోపల ఒక్కొక్క కవరులో ఒక్కొక్కరి మనసులో మాట, ఎవరూ చదవకుండా.

పోనీ, ముందే పంపవచ్చు కదా అంటారేమో. అభ్యర్థులు నామినేషన్లు ఉపసంహరించుకునే గడువు ముగిస్తేగాని బాలెటు తయారు కాదు. ఆ ఏడు అది ఏప్రిల్ 24న ముగిసింది. అక్కడినుంచి లెక్కింపుకు 19 రోజులు. పూర్వం బాలెటు పోవడమూ రావడమూ రెండూ తపాలాలోనే. 2016లో, మన యానాం చేరి ఉన్న పుదుచ్చేరిలోనే, నెల్లితోపు ఉపఎన్నికలో బాలెటును కంప్యూటరు ద్వారా సైనికులకు పంపే పద్ధతి అమలుచేశారు. పోవడం క్షణాల మీద అయింది. రావడం మాత్రం ఇంకా తపాలా సంచిలోనే. స్టాంపు అక్కరలేదు, అదొక సుఖం.

మరుసటి ఏడు, 2024లో, లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. కోలారులో పోలింగు ఏప్రిల్ 26న, లెక్కింపు జూన్ 4న. నడుమ 39 రోజులు! అదే కుర్రవాడు, అదే దూరం, అదే తపాలా. ఒక ఏడు మూడు రోజులు, మరో ఏడు ముప్పైతొమ్మిది. దేశమంతటా ఏడు విడతలుగా పోలింగు జరిగినందువల్ల కలిగిన సావకాశమే తప్ప, కవరును తలచుకొని ఎవరూ ఇచ్చినది కాదు.

ఒక్క కవరు వల్ల ఏమవుతుందనే వారికి రెండు లెక్కలు చెబుతాము. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 వోట్లతో తేలింది. 2023లో బెంగుళూరు జయనగరు 16 వోట్లతో తేలింది. అక్కడ మళ్ళీ లెక్కించేటప్పుడు తగవంతా తపాలా వోట్ల మీదనే.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలది మరో దారి. 2024 ఎన్నికలలో కాలిఫోర్నియాలో, ఎన్నికనాటికి తపాలా ముద్ర పడిన కవరు తరువాత ఏడు రోజులలో చేరినా లెక్కించారు. పెన్సిల్వేనియాలో మాత్రం ఎన్నికనాటి రాత్రి 8 గంటలకు చేరవలసిందే. ముద్రను నమ్మడం మనకు పనికిరాదని మా అభిప్రాయం. రోజూ ముద్రలు చూసే వాళ్ళం; పదింట నాలుగు అలుక్కుపోయి ఉంటాయి. చేరిన వేళే గడువుగా ఉండనీండి. కాని పోలింగుకూ లెక్కింపుకూ నడుమ, దేశపు ఆ కొస నుంచి ఈ కొసకు కవరు నడిచే రోజులైనా ఉంచితే తప్పేమిటి? ఫలితం వారం ఆలస్యమైతే కొంపలేమీ మునగవు.

పోలింగు డ్యూటీకి వెళ్ళే మా వంటి వారికి 2023లో నిబంధన మార్చి, ఏర్పాటు చేసిన కేంద్రంలోనే వోటు వేయమన్నారు. దానితో మాకు తపాలా బెంగ తీరింది. 85 ఏళ్ళు దాటిన పెద్దలకు ఇంటికే వచ్చి వోటు తీసుకుంటారు. నోటిఫికేషను వెలువడిన అయిదు రోజులలో ఫారం చేరాలి, అంతే. 2024లో మా వీధి చివరి తాతగారికి ఆ ఫారం తీసుకుపోయి ఇచ్చాము. ఆయన కళ్ళజోడు పెట్టుకొని రెండు వైపులా చదివి, "కాళ్ళున్నన్నాళ్ళు బడికే పోయి వేస్తాను నాయనా" అని మడిచి మా జేబులోనే పెట్టారు.

మేనల్లుడు ఆ ఏడు ఏప్రిల్ నెలలోనే పంపేశాడు. బాలెటు చిన్న కవరులో, ప్రకటన కాగితం పెద్ద కవరులో వేరుగా పెట్టానని కూడా చెప్పాడు. ఆ ప్రకటన కనబడకపోతే చిన్న కవరు విప్పరని వాడికి ముందే వ్రాశాము.