డిగ్బోయి చమురు కొండలు

అస్సాము రాష్ట్రపు తూర్పుకొసన, తిన్‌సుకియా జిల్లాయందు డిగ్బోయి యను చిన్న యూరు గలదు. మా వారి వేసవి సెలవులలో మేమచ్చటికి బోయితిమి. దారి పొడవునను తేయాకు తోటలే. వాన తెరపి యిచ్చినంతనే కొండలపై మంచు తేలును. ఊరు చేరగానే గాలిలో కిరసనాయిలు వాసన సోకినది.

1889లో ఇచ్చట త్రవ్వనారంభించిన బావి 1890లో 662 అడుగుల లోతున పూర్తియైనది. దాని చెంతనే నేడొక ప్రదర్శనశాల యున్నది. 1901లో నెలకొల్పిన చమురుశుద్ధి కర్మాగారము నేటికిని పనిచేయుచున్నది. అడవిలో పనిచేయు ఏనుగుల పాదములకు నల్లని జిడ్డంటుటచే చమురు జాడ తెలిసినదని యొక కథ చెప్పుకొందురు.

సోదరీమణులారా, భూమిలో చమురు చెఱువువలె నిండియుండునని పలువురనుకొందురు. అట్లు కాదు. పూర్వమెన్నడో నదులు తెచ్చిపోసిన యిసుక గట్టిపడి రాయియైనది. దానికి టిపాము ఇసుకరాయి యని పేరు. గిన్నెలోని బియ్యమునందు నీరు పోసినచో గింజల నడుమ నిలిచినట్లు, ఆ రాతి రేణువుల సందులలో నీరును చమురును నిలుచును. ఇంకను లోతున, బురదలో పూడిన చెట్టుచేమలు భూతాపమున లక్షలకొలది యేండ్లు మ్రగ్గి చమురైనవి. చమురు నీటికంటె తేలిక. దీపపు గ్లాసులో నీటిపై నూనె పోయు మనకిది క్రొత్త గాదు. కావున నది సందుసందున పైకి ప్రాకివచ్చును. పైన గిరుజాను బంకమన్ను పొర యడ్డగించును.

మూత యొక్కటియే చాలదు. అది చదునుగా నున్నచో చమురు ప్రక్కలకు జాఱిపోవును. నాగా కొండలను లేపిన యొత్తిడియే యిచ్చటి పొరలనుగూడ, ఇరువైపుల నెట్టిన చాపవలె, నడుమ నుబ్బించినది. గంగాళపు నీటిలో చెంబును బోర్లించి ముంచినచో గాలి లోన చిక్కుకొనును గదా! ఆ యుబ్బు క్రింద చమురట్లే చిక్కినది.

అయితే ఈ చెంబునకు సన్నని బీటలున్నవి. వాని వెంట ఊరిన జిడ్డే మనుష్యులకు జాడ చెప్పినది. మూత పూర్తిగ పగిలియున్నచో నేమియు మిగిలెడిది కాదు. బీటలే లేకున్న ఆ కాలపువారికి దాని యునికి తెలిసెడిది కాదు. మాకిదియే మిక్కిలి వింతగా తోచినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున మితిమీరి తోడిరి. యుద్ధపు టక్కర యట్టిది. పిమ్మట దిగుబడి పడిపోయినది. చమురులో కరగియున్న వాయువు దానిని పైకి త్రోయును. తొందరపడి తోడినచో వాయువు ముందుగా వెడలిపోవును. చమురు రాతిసందులనే యంటుకొని యుండును. అట్లు మిగిలినది చేతికి వచ్చుట మిక్కిలి కష్టము.