చక్రాల మీద కాపురం

వంట మధ్యలో ఉప్పు అయిపోతే మీరేం చేస్తారు? పిల్లాణ్ణి సందు చివరి కొట్టుకి పంపుతారు. లేదంటే పక్కింటి పిన్నిగార్ని ఓ గుప్పెడు అడుగుతారు. మాకు ఆ రెండూ లేవండీ. మావారు స్టీలు గిన్నెలు, బిందెలు వ్యానులో వేసుకుని సంతలు తిరుగుతారు. చర్ల, వెంకటాపురం, దుమ్ముగూడెం, చింతూరు... రోజుకో ఊరు. సంక్రాంతి వెళ్ళింది మొదలు వానలు పడేదాకా నేనూ, ఏడాదిన్నర బాబూ ఆ వ్యానులోనే. పెద్దమ్మాయి ఖమ్మంలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది.

ఇల్లు కదిలిపోతుంటే ఇంటిపనులు ఆగుతాయా? మంచినీళ్ళు కనబడ్డ చోటే క్యాన్లు నింపుకోవాలి. కూరగాయల్లో దోసకాయ, గుమ్మడి, కంద నిలవుంటాయి. ఆకుకూర సంత రోజునే వండేయాలి. గ్యాసుకి 5 కిలోల చిన్న సిలిండరు ఉంది. దానికి చిరునామా కాగితం అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. ఇక బట్టలంటారా, మూత బిగిసే డ్రమ్ములో నీళ్ళు, సబ్బుపొడి వేసి గుడ్డలు పడేస్తాను. మిగతా పని గతుకుల రోడ్డు చూసుకుంటుంది! వాగు దగ్గర జాడించుకోవడమే తరువాయి.

మందులు, బ్యాంకు పని, కుక్కరు వాషరు లాంటివన్నీ చీటీ రాసుకుని భద్రాచలంలో ఒక్క పూటలో తెముల్చుకుంటాం. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాలో కలిశాయి కదా. భద్రాచలం ఈ రాష్ట్రం, ఊరు దాటి ఎటపాక వెళ్తే ఆ రాష్ట్రం! 2023 డిసెంబరు నుంచి మనకి తెలంగాణ బస్సులో టిక్కెట్టు లేదు గానీ, అది సరిహద్దు దాకానే. ఆపైన చిల్లర తీయాల్సిందే. రేషను బియ్యానికి మాత్రం ఆ బెంగ లేదు. ఆహారభద్రత కార్డుంటే ఏ ఊరి డిపోలోనైనా వేలిముద్ర వేసి తెచ్చుకోవచ్చు.

అన్నిటికన్నా నాకు భయం బాబు గురించే. పదహారు నెలలు దాటాక బూస్టరు, తట్టు టీకా రెండో విడత వేయించాలి. “ఊరూరా తిరిగేవాళ్ళం, మాకెవరు వేస్తారు?” అని దిగులుపడ్డాను. కార్డు చూపిస్తే, ఓ గూడెం ఉపకేంద్రంలో నర్సమ్మ ఒక్క ప్రశ్న అడక్కుండా వేసింది. “అమ్మా, దోమతెర మానకు. జ్వరమొస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించు” అని మరీ మరీ చెప్పింది. ఇది మలేరియా ఉన్న అడవి. అందుకే వ్యానులో దేనికి చోటున్నా లేకపోయినా దోమతెరకి ఉంటుంది.

అమ్మాయితో మాట్లాడాలంటే ఫోను అందే మిట్ట వెతుక్కోవాలి. “ఎప్పుడొస్తావమ్మా?” అని అడిగితే “గోదారి పొంగేలోపు” అంటాను. అది ఉత్తమాట కాదు. భద్రాచలం దగ్గర నీళ్ళు 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. రోడ్లు మునిగితే పిల్ల ఒక ఒడ్డున, మేమొక ఒడ్డున. అందుకే మొదటి వానలకే వ్యాను ఖమ్మం దారి పట్టాలని మావారితో ముందే ఒప్పందం. బేరాలు బాగున్నా సరే.

మీలో కట్టుకున్నవాడి పని వెంట ఊళ్ళు తిరిగే అక్కచెల్లెళ్ళుంటే ఒక్క మాట. బిడ్డ టీకా కార్డు, ఆధారు, రేషను కార్డు మూడూ ఒకే ప్లాస్టిక్ సంచిలో, చెయ్యి పెడితే తగిలేచోట ఉంచుకోండి. ఉప్పు మాత్రం రెండు ప్యాకెట్లు కొనుక్కోండి!