చీకటి ఎంతసేపు?

బెల్లంపల్లి బొగ్గు గనుల ప్రక్కన పెరిగిన మాకు బ్యాటరీ విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. బాయిలోకి దిగే ముందు మావాళ్లు ల్యాంపు రూములో ఛార్జింగు పెట్టిన బ్యాటరీని నడుముకు కట్టుకొని, దీపాన్ని టోపీకి తగిలించుకొనేవారు. షిఫ్టు ముగిసేవరకు అది వెలగాలి. ఒకవేళ మధ్యలో ఆరినా, తోటి కార్మికుని వెలుగులో పైకి రావచ్చు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికి అలాంటి తోడు ఎవరున్నారు?

దానికి సూర్యుడే ఆధారం. రెక్కలవంటి పలకలు ఎండను విద్యుత్తుగా మారుస్తాయి. అయితే భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం సుమారు గంటన్నరకు ఒక చుట్టు తిరుగుతుంది. అందులో అరగంటకు పైగా భూమి నీడలో ఉండవలసి రావచ్చు. అంతసేపూ బ్యాటరీయే దిక్కు. ఇలా రోజుకు పదిహేనుసార్లు, ఏడాదికి 5,000 సార్లకు పైగా జరుగుతుంది! అందుకే ఇంజనీర్లు ఎండ ఎంత అని మాత్రమే చూడరు, చీకటి ఎంతసేపు అని కూడా లెక్కవేస్తారు. ఎక్కువ కాలం మన్నేందుకు బ్యాటరీలో కొంత భాగమే వాడతారు. పలకలోని సౌరఘటాలను అనేక వరుసలుగా కలుపుతారు గనుక ఒక వరుస చెడినా తక్కినవి పనిచేస్తాయి. పలకలు ఏటేటా బలహీనపడతాయి గనుక చివరి ఏడాదికి కూడా చాలేటట్లు మొదటే పెద్దవిగా చేస్తారు.

ఈ పాఠం మన దేశం సులువుగా నేర్చుకోలేదు. 1975 ఏప్రిల్ 19న కక్ష్యలోకి వెళ్లిన మన తొలి ఉపగ్రహం ఆర్యభట్టలో కొద్ది రోజులకే విద్యుత్తు లోపం వచ్చి ప్రయోగాలు ఆగిపోయాయి. శ్రీహరికోట నుండి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్ అంగారకుని చుట్టూ ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నారు, కాని దాదాపు ఎనిమిదేళ్లు నిలిచింది. 2022 ఏప్రిల్‌లో సుదీర్ఘమైన గ్రహణంలో చిక్కుకొన్న తరువాత దానితో సంబంధం తెగిపోయింది. ఇంధనం అయిపోయి, విద్యుత్తు అందేటట్లు అది సరిగా నిలవలేకపోయి ఉంటుందని ఇస్రో తేల్చింది. మంచి బ్యాటరీ ఉన్నా, తిరిగి ఎండవైపు తిరిగే శక్తి కూడా ఉండాలి గదా!

ఇప్పుడు మన పల్లెల్లో కూడా సోలారు దీపాలు, ఇన్వర్టర్లు వచ్చాయి. కొనేటప్పుడు పలక ఎంత పెద్దదని మాత్రమే అడగవద్దు. రాత్రి ఏయే దీపాలు ఎన్ని గంటలు వెలగాలో, ముసురు పట్టిన రోజున ఎలాగో ముందు లెక్కవేయండి. బ్యాటరీని అడుగంటా వాడకండి, పలకపై దుమ్ము తుడవండి. పిల్లల చదువుకు, పురిటింటికి ఆ దీపం అర్ధరాత్రి ఆరకూడదు గదా!