పూలపండుగలో పిన్నీసు

ఊరేగింపులు మనకేం కొత్తా? పెళ్ళివారి ఊరేగింపు మొదలు వినాయకుడి నిమజ్జనం దాకా, ఏడాదిలో సగం రోజులు ఎవరో ఒకరికి దారి ఇచ్చి పక్కకి తప్పుకుని నిలబడుతూనే ఉంటాం. అంచేత, "అమ్మా, ఆదివారం జపానువాళ్ళ ఊరేగింపుంది, వెడదామా?" అని మా అమ్మాయి అన్నప్పుడు నాకేమంత ఉత్సాహం కలగలేదు. అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో, జపానువాళ్ళ ఊరేగింపుకి వెళ్ళి తెలుగావిడ చేసేదేముంది చెప్పండి? "పక్కనే సంత కూడా ఉంటుందిలే" అంది. సంత అన్న తర్వాత ఇంట్లో కూర్చునే ఆడది ఉంటుందా! చీరమీద స్వెట్టరు, కాళ్ళకి బూట్లు తగిలించుకుని బయల్దేరాను.

ఇది 2023 ఏప్రిల్ మాట. చెర్రీపూల పండుగ అంటారు దీన్ని. 1968లో మొదలుపెట్టారు. కరోనా రోజుల్లో తప్ప ఏటా ఏప్రిల్‌లో వరసగా రెండు వారాంతాలు జపాన్‌టౌన్ అనే పేటలో జరుగుతుంది. చివరి ఆదివారం మధ్యాహ్నం ఊరేగింపు. పూలపండుగ అన్నారు కదా అని తోటలూ వనాలూ ఊహించుకుని వెళ్ళాను గానీ, పూలకంటే జనమే ఎక్కువ. పేట నడుమ అయిదంతస్తుల కాంక్రీటు గోపురం ఒకటుంది, శాంతి పగోడా అని. ఒసాకా నగరంవాళ్ళు కానుకగా ఇచ్చారట. దాని చుట్టూ గుడారాలు, గుడారాల ముందు బారులు, బారుల్లో చంటిపిల్లల బళ్ళు.

ఒక గుడారం దగ్గర నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. పొయ్యిమీద అచ్చంగా మన గుంతపొంగనాల పెనం! మన పెనానికి ఏడో పన్నెండో గుంతలైతే దీనికి ముప్ఫై నలభై. కుర్రాడొకడు రెండు సన్నటి పుల్లలతో ఒక్కొక్క పొంగనాన్నీ గిరుక్కున తిప్పుతున్నాడు. ఆ చేతివాటం చూసి మెచ్చుకుందామనేలోగా, లోపల పెట్టేది ఆక్టోపస్ ముక్క అని మా అమ్మాయి చెవిలో చెప్పింది. రెండడుగులు వెనక్కి వేశాను. పక్క గుడారంలో చేప ఆకారంలో కాల్చిన రొట్టెలు. చూడబోతే చేప, కొరికితే లోపల తియ్యటి పూర్ణం! ఎర్రటి చిన్న చిక్కుడు గింజలు ఉడికించి, పంచదార వేసి దగ్గరగా చేసింది. శాకాహారులు తినదగిన చేప ప్రపంచంలో ఇదొక్కటే కాబోలు. పిండిలో కోడిగుడ్డు సంగతి నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ఈ పూర్ణాన్నే బియ్యప్పిండి ముద్దలో పొదిగితే అది 'మోచీ'. మన పూర్ణం కుడుముకి మేనత్త కూతురనుకోండి. ఆ పేటలో 1906నుంచీ మోచీలు చేసే బెన్‌క్యోడో అనే దుకాణం ఒకటుండేదిట. తాత పెట్టిన దుకాణాన్ని మనవలైన అన్నదమ్ములు పెద్దవాళ్ళయిపోయి 2022 మార్చి ఆఖర్న మూసేశారు. మేం వెళ్ళేసరికి ఏడాది దాటింది. అయినా బారులో నిలబడ్డవాళ్ళు ఇంకా దాని గురించే చెప్పుకుంటున్నారు. మన ఊళ్ళో మూసేసిన మిఠాయికొట్టు గురించి మనం చెప్పుకోమూ, అలాగ. నూటపదహారేళ్ళలో ఆ కొట్టు తలుపులు కొన్నేళ్ళపాటు మూసి ఉన్నాయి, యుద్ధంలో యజమానుల్ని క్యాంపుకి పంపేశారు కాబట్టి, అన్నాడు ముందున్న పెద్దాయన. ఏ క్యాంపు అని అడుగుదామనుకుంటూండగానే డప్పులు మోగాయి.

అందరూ పోస్టు వీధి అంచుకి పరుగెత్తారు. ఊరేగింపు నగరపాలక భవనం దగ్గర బయల్దేరి, పోక్ వీధి మీదుగా ఈ వీధిలోకి తిరిగి, మైలు పైచిలుకు నడిచి ఈ పేటకి వస్తుంది. ముందుగా వచ్చినవి డప్పులే. 'తైకో' అంటారు. ఒక్కొక్కటి మన గాదె అంతుంది. సెయిచి తనాకా అనే ఆయన 1968లో ఈ ఊళ్ళోనే తైకో బడి పెట్టాడు. అమెరికాలో మొదటి తైకో బృందం అదేనంటారు. జపానునుంచి డప్పులు తెప్పించుకునే స్తోమత లేని కొన్ని బృందాలవాళ్ళు ఆ రోజుల్లో సారాయి పీపాలకి తోలు బిగించి డప్పులు చేసుకున్నారుట. వాయించేవాళ్ళలో సగానికి సగం ఆడవాళ్ళు! చేతులు తలమీదికెత్తి, నడుం వంచి, ఆ కర్రలు దించుతూంటే గుండెల్లో దడదడలాడింది. నా పక్కనున్న చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది. నేను మాత్రం మరికాసేపు వాయిస్తే బాగుండుననుకున్నాను.

డప్పుల వెనక నాట్యకత్తెలు. అరవై డెబ్భై ఏళ్ళవాళ్ళు కూడా కిమోనోలు కట్టి, చేతుల్లో విసనకర్రలతో, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. ఇదిగో, ఇక్కడ నేను కొంచెం నిలుస్తాను, ఎందుకంటే కట్టుబట్ట గురించి చెప్పకుండా వదిలితే మీరు నన్ను క్షమించరు. కిమోనో అంటే కుట్టుబట్టే అయినా మన చీరకి చుట్టమే. సన్నటి పన్నా గల ఒకే తానుని తిన్నటి ముక్కలుగా కోసి కుడతారు. కుట్లు విప్పి ఉతికి మళ్ళీ కుట్టుకోవచ్చు. తల్లిది కూతురికి పనికొస్తుంది. నడుముకి చుట్టే పట్టీని 'ఓబీ' అంటారు, అది నాలుగు మీటర్ల పైమాటే. దాన్ని వెనక మడిచి ముడివెయ్యడం ఓ విద్య. ఇంకొకరి సాయం లేకుండా కట్టుకోగలిగినావిడని ప్రవీణురాలి కింద జమకట్టాలి. ముఖ్యమైన నియమం ఒకటుంది: కట్టుకున్నావిడకి ఎడమవైపు చెంగు ఎప్పుడూ పైకి రావాలి. కుడిచెంగు పైకి వచ్చిందా, అది శవానికి కట్టే కట్టు.

ఈ నియమం నాకు చెప్పింది పక్కన మడతకుర్చీలో కూర్చున్న ఒక ముసలావిడ. ఎనభై అయిదేళ్ళుంటాయి. నా చీర అంచు పట్టుకుని చూస్తూ, "మీరు ఊరేగింపులో ఏ జట్టు?" అని అడిగింది. అప్పటికే ఇద్దరు నా ఫోటో తీసుకున్నారు కనక నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు. ఏ జట్టూ కాదన్నాక కబుర్లలో పడ్డాం. ఆవిడ మనవరాలు వెనక వచ్చే జట్టులో ఉందిట. "మొదటిసారి కిమోనో కట్టింది. వారం వారం తరగతికి వెళ్ళి నేర్చుకుంది" అంది.

"అదేమిటి, మీరు నేర్పలేదా?" అన్నాను.

"నాకు రాదుగా" అంది ఆవిడ. "ఎడమచెంగు సంగతి కూడా దానివల్ల విన్నదే."

అదేం చోద్యం అనుకున్నాను. అమ్మమ్మకి రాని కట్టు మనవరాలికి రావడం! లోపల హాల్లో బొమ్మల ప్రదర్శన చూసొచ్చాను గనక మాట మార్చి దాని సంగతి ఎత్తాను. మార్చి 3న ఆడపిల్లలున్న ఇళ్ళల్లో పెట్టే కొలువు అది. ఎర్రటి గుడ్డ పరిచిన మెట్లు, పైమెట్టు మీద రాజూ రాణీ, కింద చెలికత్తెలు, వాద్యగాళ్ళు. అమ్మమ్మగారింటినుంచి వస్తాయి బొమ్మలు. పండుగ వెళ్ళాక వెంటనే సర్దెయ్యకపోతే పిల్లకి పెళ్ళి ఆలస్యమవుతుందిట! "మా ఇళ్ళల్లోనూ కొలువుంది, మెట్లు కూడా బేసి సంఖ్యే" అని సంబరపడి చెప్పాను. ఆవిడ నవ్వింది. తర్వాత చెప్పింది.

1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బరు మీద బాంబులు వేసింది. ఆవిడకి అప్పుడు మూడేళ్ళు. పోలీసులు ఇళ్ళు సోదా చేస్తారని తెలియగానే పేటలో అందరూ జపాను వస్తువులన్నీ దాచడమో, పాతిపెట్టడమో, తగలెట్టడమో చేశారు. ఉత్తరాలు, ఫోటోలు, పుస్తకాలు. ఆవిడ తల్లి కాబోలు రెండు రాత్రులు వంటింటి పొయ్యి దగ్గర కూర్చుని, జపానునుంచి తన తల్లి పంపిన బొమ్మలన్నిటినీ ఒక్కొక్కటే పొయ్యిలో పెట్టింది. పెళ్ళినాటి కిమోనో కూడా. "నాకు గుర్తులేదు. మా అక్కకి గుర్తు. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుందిట కదా. అక్క చనిపోయేదాకా ఆ వాసన మాట ఎత్తేది."

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాని బలంతో పడమటి తీరంలోని జపాను సంతతివాళ్ళని లక్షా ఇరవై వేలమందిని ఇళ్ళలోంచి లేవదీశారు. అందులో మూడింట రెండు వంతులమంది అమెరికాలో పుట్టిన పౌరులే. స్తంభాలకి నోటీసులు అంటించి వారంలోపు బయల్దేరమన్నారు. మోసుకోగలిగినంతే తెచ్చుకోవాలన్నారు. మీరూ నేనూ అయితే ఏం తీసుకెడతాం? కుట్టుమిషనా? చంటిపిల్ల పక్కబట్టలా? ఇడ్లీపాత్రా? ఈ ఊరివాళ్ళని ముందు టాన్‌ఫోరాన్ గుర్రప్పందాల మైదానానికి తోలి గుర్రాల కొట్టాల్లో ఉంచారు. ఆ తర్వాత యూటా ఎడారిలో టోపాజ్ అనే చోట ముళ్ళకంచెల మధ్య రేకుల్లాంటి తారుకాగితం గోడల గదులు. మూడేళ్ళు. "క్యాంపు" అంటే అది. వాళ్ళు ఆ మాట ఎంత మామూలుగా అంటారంటే, ఆవిడ పిల్లలు చాలాకాలం అది వేసవి సెలవుల్లో వెళ్ళే క్యాంపనుకున్నారుట!

"అమ్మ ఒక్కసారీ చెప్పలేదు. నేనూ అడగలేదు. జపాను మాట, కట్టు, పాట ఏదీ నాకు నేర్పలేదు. అమెరికా పిల్లలా ఉండు అనేది, అంతే" అంది ఆవిడ.

తిరిగొచ్చేసరికి చాలామంది ఇళ్ళల్లో వేరేవాళ్ళున్నారు. యుద్ధకాలంలో ఓడల పనులకి వచ్చిన నల్లవాళ్ళ కుటుంబాలు, వేరే పేటల్లో ఇళ్ళు దొరక్క, ఇక్కడ చేరాయి. పాపం, వాళ్ళ తప్పేముంది? ఎలాగో ఇద్దరూ సర్దుకుంటే, బాగుచెయ్యడం పేరుతో నగరంవాళ్ళు పాత ఇళ్ళు పడగొట్టి, గేరీ రోడ్డు వెడల్పు చేసి, రెండు కుటుంబాలవాళ్ళనీ మళ్ళీ లేవదీశారు. ఇప్పుడు మనం తిరిగే ఆ పెద్ద బజారు భవనాలు, ఆ పగోడా అలా ఖాళీ అయిన చోట 1968లో వెలిసినవే. పండుగా ఆ ఏడే మొదలైంది. ఈ సంగతి విన్నాక ఆ పగోడావైపు ఇంకోసారి చూశాను. అందంగానే ఉంది.

1981లో ప్రభుత్వం వేసిన కమిషన్ ఊరూరా విచారణలు జరిపినప్పుడు ఎందరో పెద్దవాళ్ళు మొదటిసారి నోరు విప్పారు. 1988లో చట్టం వచ్చింది. బతికున్నవాళ్ళకి తలకి 20,000 డాలర్లూ క్షమాపణా. ఆవిడ తల్లి అప్పటికే పోయింది. చట్టం బతికున్నవాళ్ళకే.

ఇంతలో గోల. ఊరేగింపు ఆఖరికి వచ్చేసింది. నూరుమందికి తక్కువ లేరు, పొట్టి కోట్లు తొడిగి, తలకి గుడ్డలు కట్టి, గడ్డి చుట్టిన సారా పీపాలు గోపురంలా పేర్చిన పల్లకీని భుజాలమీద మోస్తూ, "వస్షోయ్! వస్షోయ్!" అని అరుస్తున్నారు. మన బోయీల కేకే. పల్లకీ ముందుకి తూలుతుంది, వెనక్కి తూలుతుంది, అందరూ చెమటలు కక్కుతున్నారు. మోసేవాళ్ళలో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మనవాళ్ళ కుర్రాడు కూడా ఒకడు కనిపించాడు. ఎవరి కొడుకో, వాళ్ళమ్మ చూస్తే నడుం పట్టుకుంటుందని తిట్టేది.

పల్లకీ దాటాక జనం చెదిరారు. అప్పుడొచ్చింది మనవరాలు. పంతొమ్మిదేళ్ళుంటాయి. గులాబీరంగు కిమోనో, ముఖమంతా ఎండకి ఎర్రబడింది. మైలు దూరం నడిచేసరికి మెడ దగ్గర కిమోనో వదులై జారిపోతోంది. "అమ్మమ్మా, కాస్త పట్టుకో" అంది ఇంగ్లీషులో. ముసలావిడ లేచి నిలబడింది గానీ ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఆ పిల్ల అమ్మమ్మ చెయ్యి తీసుకుని తన మెడ దగ్గర పెట్టి, "ఇదిగో, ఇది ఇలా, ఎడమది పైకి" అని చూపించింది. అమ్మమ్మ బళ్ళో చేరిన పిల్లలాగా వింటోంది. రెండుసార్లు సర్దారు. రెండుసార్లూ జారింది.

ఆడవాళ్ళకి చెప్పేదేముంది, నా గాజులకి పిన్నీసు ఎప్పుడూ ఉంటుంది. తీసి ఇచ్చాను.

"అయ్యో, కిమోనోకి ఇలాంటివి పెట్టకూడదు. మా పంతులమ్మ చూస్తే చంపేస్తుంది" అంది పిల్ల.

"మీ పంతులమ్మకి నేను చెబుతాలే" అంది ముసలావిడ. కళ్ళజోడు సర్దుకుని, లోపలి మడతలో బయటికి కనపడకుండా జాగ్రత్తగా గుచ్చింది. అలవాటైన చేతిలాగే ఉంది. గుచ్చి, ఒకడుగు వెనక్కి వేసి, మనవరాల్ని కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత, "మరొకటుందా?" అని నావైపు చెయ్యి చాచింది.