ఊరికే కూర్చోవడం

పోయిన వేసవిలో డల్లాస్ నుంచి ఆస్టిన్ వెళ్తున్నాం. కారు అక్క నడుపుతోంది. పక్కన బావ, వెనక నేను. 2002లో హెచ్-4 వీసా మీద, ఉద్యోగం చేసే హక్కు లేకుండా ఆ దేశం వెళ్ళిన అక్కకి స్టీరింగ్ చేతికి రావడమే మొదటి స్వేచ్ఛ. ఇప్పుడు ఇరవై ఏళ్ళు దాటిన అనుభవం ఆమెది.

ఊరు దాటాక అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ మీట నొక్కింది. మనకి కావలసిన వేగం, ముందు బండికి ఉండాల్సిన ఎడం చెప్పి వదిలేస్తే, రాడార్ ఆ బండిని కనిపెట్టుకుని ఉంటుంది. అది నెమ్మదిస్తే మన కారూ నెమ్మదిస్తుంది. దారి ఖాళీ అయితే మళ్ళీ చెప్పిన వేగం అందుకుంటుంది.

"ఇంకేం, కారే నడుస్తోంది. మీ అక్క ఊరికే కూర్చుంది" అన్నాడు బావ నవ్వుతూ.

సీట్ల మధ్య నుంచి అక్క కుడికాలు కనిపిస్తోంది. మడమ నేలకి ఆనించి, మునివేళ్ళు బ్రేకు వైపే తిప్పి ఉంచింది. కాసేపటికి ముందున్న వ్యాను పక్క లైనులోకి తప్పుకుంది. దారి దొరికిందని మా కారు వేగం అందుకోబోయింది. ఆ వ్యాను చాటున ఇంతసేపూ కనబడని బళ్ళు అక్కడ ఆగిపోయి ఉన్నాయి. అప్పటికే అక్క కాలు బ్రేకు మీద ఉంది.

కాఫీకి ఆగినప్పుడు అడిగాను.

"కదిలేదాన్ని బాగానే పట్టుకుంటుందే. ముందే ఆగి ఉన్నదాన్ని ఒక్కోసారి లెక్కచెయ్యదు. మలుపుల్లో పక్క లైను బండిని చూసి జడుసుకుంటుంది. జోరువానలో నేనే ఆపేస్తాను."

"మాన్యువల్‌లో చదివావా?"

"కొంత. మిగతాది కాలికి తెలిసింది."

1983లో మనస్తత్వ శాస్త్రవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ యాంత్రీకరణ మీద ఒక చిన్న వ్యాసం రాసింది. పని యంత్రానికి అప్పజెప్పాక మనిషికి మిగిలేది కాపలా, ఆపైన యంత్రం చేతులెత్తేసిన క్షణాన ఆదుకోవడం అంటుందామె. అదే ఏడాది చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో, ఇంట్లోకి ఇన్ని పరికరాలొచ్చినా తల్లి పని తగ్గలేదని చూపించింది. ఈ రెండో పుస్తకాన్ని నా థీసిస్‌లో గర్వంగా ఉటంకించాను కూడా.

ఆ థీసిస్ చివరి ఏడాది అమ్మ మా ఇంట్లో ఉండి పాపని చూసుకుంది. ఓ సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చి, "పాప మధ్యాహ్నమంతా పడుకునే ఉందిగా, నువ్వు ఊరికేగా ఉన్నావు, ఆ బట్టలైనా మడతపెట్టాల్సింది" అన్నాను. పడుకున్న పసిబిడ్డ పక్కన ఒక చెవి అటే వేసి కూర్చోవడం పని అని నాకు తోచలేదు. అమ్మ మారు మాట్లాడకుండా బట్టలు మడతపెట్టింది. బావ మాటకి నాకు వచ్చిన కోపంలో సగం ఆ సాయంత్రానిదే.

తిరుగు ప్రయాణంలో బావ నడిపాడు. మీట నొక్కి, తీరుబడిగా ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "ఫోన్ పెట్టెయ్యండి" అంది అక్క. "కారు చూసుకుంటుందిలే" అన్నాడు.

పక్క సీట్లో అక్క కుడికాలు, అక్కడ లేని బ్రేకుని దారిపొడుగునా నొక్కుతూనే ఉంది.