హనుమాన్ జంక్షన్‌లో మార్గరీటా

విజయవాడలో ఏలూరు బస్సెక్కితే గన్నవరం, ఆత్కూరు, తేలప్రోలు, వీరవల్లి దాటుకుని గంటా గంటంబావుకల్లా మా ఊరొచ్చేస్తుంది. పండగ రోజుల్లో అయితే ఆ లెక్కకి ఇంకో అరగంట కలుపుకోవాలి. నాలుగు రోడ్లు కలిసే చోట ఆంజనేయస్వామి గుడి, ఆ గుడి పేరే ఊరి పేరు. ఒకవైపు ఏలూరు, ఒకవైపు బెజవాడ, పైకి వెళ్తే నూజివీడు, కిందికి దిగితే గుడివాడ. మా స్టేషన్ బోర్డు మీద రైల్వే వాళ్ళు 'నూజివీడు' అని రాశారు. అది చూసి దిగినవాళ్ళు అసలు నూజివీడు చేరాలంటే ఇంకో అరగంట రోడ్డు ప్రయాణం చెయ్యాలి. 2001లో మా ఊరి పేరుతో సినిమా కూడా వచ్చింది. అయినా చాలామందికి మా ఊరంటే బస్సు ఆగితే టీ తాగే చోటే. బైపాస్ పడ్డాక ఆ టీ తాగేవాళ్ళూ తగ్గారు.

ఈ సంక్రాంతికి మా అక్క కొడుకు, కోడలు డల్లాస్ నుంచి వచ్చారు. భోగి నాడు మధ్యాహ్నం వాడు నన్ను పెరట్లోకి పిలిచి, చిన్నప్పుడు మామిడికాయలు దొంగతనం చేసేటప్పటి గొంతుతో చెప్పాడు.

"పిన్నీ, కనుమ రోజు అన్నయ్యలకి ఒక డ్రింక్ చేసి పెడతా. బీర్ మార్గరీటా. అక్కడ మా ఫ్రెండ్సంతా నా చేతి మార్గరీటా కోసమే వస్తారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో టెకీలా కొన్నా. మేడ మీద చేసేసుకుంటాం. అమ్మమ్మకి చెప్పకు."

మా అక్క కూడా అదే మాట అంది. "వాళ్ళు పైన కానిచ్చేస్తార్లే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మేడెక్కదు."

మా అమ్మ ఎందుకు మేడెక్కకూడదో మీకు చెప్పాలి. మా నాన్న 1988 చలికాలంలో పోయారు. అప్పట్లో నేషనల్ హైవే ఊరి మధ్యలోంచే వెళ్ళేది. రాత్రి పదిన్నరకి రోడ్డు దాటుతూ లారీ కింద పడ్డారు. ఆ రాత్రి తాగి ఉన్నారు. ఇంట్లో ఎప్పుడూ తాగలేదు. హోటళ్ళ వెనక, చీకట్లో నిలబడి తాగేవారట. ఇంటికొచ్చే ముందు కిళ్ళీ వేసుకునేవారు. మాకు గుర్తున్నది ఆ కిళ్ళీ వాసనే. అప్పటినుంచి మా గుమ్మం లోపలికి సీసా అన్నది రాలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు మా అమ్మ పేపరు చదివించుకుని విన్నది. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరి 16న, సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే, మొత్తం మద్యమే నిషేధం అన్నారు. ఆ రోజు మా అమ్మ "ఏడేళ్ళ ముందు రాకపోయిందా" అని ఒక్క మాటంది, అంతే. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. మా ఇంట్లో నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది.

అందుకే 'మేడ మీద' అన్న మాట నాకు గుచ్చుకుంది. హోటల్ వెనక చీకటికీ, మా మేడకీ పెద్ద తేడా కనపడలేదు. అయినా వాడి మొహం చూసి ఏమీ అనలేకపోయాను. "సరుకులు కొనడానికి నేనూ వస్తా" అని మాత్రం అన్నాను.

పండగ రోజుల్లో మా జంక్షన్ చూడాలి. చెరుకు గడలు, రేగుపళ్ళు, బంతిపూల గుట్టలు, రోడ్డు పక్కనే అరిసెలు నొక్కే చెక్కలు. నిమ్మకాయల దగ్గర వాడు ఆగిపోయాడు. చలికాలంలో నిమ్మ చవక. ఎండాకాలం వస్తే ఇవే కాయల ధర చూసి కళ్ళు తిరుగుతాయి. ఇటు ఏలూరులో నిమ్మకి పెద్ద మార్కెట్టే ఉంది కాబట్టి మాకు కాయలకి కరువు లేదు.

"పిన్నీ, వీటినే అక్కడ కీ లైమ్ అంటారు. చిన్న సంచీకి ఎంత తీసుకుంటారో తెలుసా? మామూలుగా దొరికేది గింజల్లేని పెద్ద లైము. దాంట్లో రసం ఎక్కువ, ఘాటు తక్కువ. మార్గరీటాకి అసలైంది ఇదే" అని కాయని గోటితో గీరి వాసన చూశాడు. నలభై కాయలు ఏరుకున్నాడు. పక్కనే కమలాలు, పుదీనా కట్టలు తీసుకున్నాం. దబ్బకాయలు కూడా చూశాడు గానీ, "వాటి తొక్క చేదు, పులిహోరకీ పచ్చడికీ ఉంచు" అని నేనే వద్దన్నాను.

తర్వాత గుడి దగ్గర పూలమ్మే ఆవిడ బుట్టలో మరువం చూశాడు. కదంబంలో కట్టే మరువమే. నలిపి వాసన చూసి, "ఇది మార్జొరం కదా! నిమ్మతో అదిరిపోతుంది" అన్నాడు. నాలుగు రెమ్మలు అడిగాం. ఆవిడ గుప్పెడు మరువం తీసి, తమలపాకు మీద పెట్టి, డబ్బులు వద్దంది.

"నాలుగు రెమ్మలకి డబ్బులేంటమ్మా. స్వామికే కదా!"

మా వాడు నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. ఇద్దరం చెప్పులు విడిచి లోపలికెళ్ళి, ఆ మరువం పూజారి గారి చేతిలో పెట్టి వచ్చాం. బయటికొచ్చాక వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అబద్ధమాడలేక గుళ్ళోకి వెళ్ళిన మేము, ఇంట్లో మనిషికి ఎలా అబద్ధం చెబుతామని దారి పొడుగునా అదే ఆలోచన.

ఆ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని చెప్పేశాను. టెకీలా, బీరు, మేడ, అన్నీ. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే ఉంది. ఆఖరికి అంది: "మీ నాన్నతో పద్దెనిమిదేళ్ళు కాపురం చేశా. ఆయన ఎంత తాగేవారో నాకు ఈ రోజుకీ తెలీదే. ఒక్కసారైనా నా ముందు తాగుంటే, ఇంక చాలు అని గ్లాసు లాక్కునేదాన్ని."

తర్వాత మా వాణ్ణి పిలిచింది. "ఏరా, మేడ మీద కాదు. వంటింటి వసారాలో చెయ్. ఏది ఎంత పోస్తున్నావో నాకు చెప్పి పొయ్యి. అందరి బండి తాళాలూ ముందు నా చేతికివ్వండి."

వాడు గతుక్కుమన్నాడు. కానీ కనుమ మధ్యాహ్నం మాంసం కూర దించాక, అచ్చం ఆవిడ చెప్పినట్టే చేశాడు.

టెకీలా అంటే ఏంటని అమ్మ అడిగింది. మెక్సికోలో కిత్తనార లాంటి మొక్క గడ్డని ఉడకేసి, రసం తీసి, పులియబెట్టి దించే మద్యమని వాడు చెప్పాడు. "కిత్తనారా? రైలుకట్ట పక్కన ముళ్ళ మట్టలు, తాళ్ళు పేనేవాళ్ళు, అదా?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఆ జాతిదే. మన చిత్తూరు జిల్లాలోనే దక్కన్ నేల మీద పెరిగే కిత్తనారతో ఇలాంటి మద్యం దించే డిస్టిలరీ ఉంది. అమెరికాలో సాఫ్ట్‌వేర్ పని చేసి తిరిగొచ్చిన డెస్మండ్ నజరెత్ అనే ఆయన పెట్టింది. 2011లో మొదట గోవాలో అమ్మకానికి తెచ్చారు. టెకీలా అన్న పేరు మీద హక్కు మెక్సికోదే కాబట్టి ఆ పేరు మాత్రం పెట్టుకోకూడదు.

మా వాడి కొలతలు నలుగురికి ఇవి. నిమ్మరసం 100 మి.లీ. మా చిన్న కాయలు ఎనిమిదో తొమ్మిదో పట్టాయి. కాయని మరీ పిప్పి చేసి పిండకూడదు, తొక్క చేదు దిగుతుంది. కమలారసం 150 మి.లీ. అసలు మార్గరీటాలో నారింజ తొక్కతో చేసిన తియ్యటి మద్యం పోస్తారు, దాని బదులు వాడు ఈ కమలాలు వాడాడు. పంచదార పాకం 60 మి.లీ. పుదీనా ఓ పదిహేను ఆకులు, మా పెరట్లోని వామాకు రెండు. ఆకుల్ని నూరకూడదు. అరచేతిలో పెట్టి ఒక్కసారి చప్పట్లు కొట్టినట్టు తడితే చాలు, వాసన బయటికొస్తుంది. వామాకు రెండుకి మించితే మాత్రం జలుబు కషాయం తాగినట్టే ఉంటుంది. ఇవన్నీ జగ్గులో వేసి, టెకీలా 120 మి.లీ. కొలిచి పోసి, పావుగంట ఫ్రిజ్‌లో పెట్టాడు. చివర్లో చల్లటి లైట్ బీరు, 650 మి.లీ. సీసా ఒకటి, జగ్గు వాలుగా పట్టుకుని అంచు మీదుగా నెమ్మదిగా పోశాడు. పై నుంచి ధారగా పోస్తే గ్యాసంతా నురగై పోతుందట.

గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి, పళ్ళెంలో ఉప్పూ కారం కలిపి అందులో బోర్లించాడు. అది చూసి అమ్మ నవ్వింది. "ఇదేం కొత్త? జాంకాయ ముక్కకి మేం ఎప్పుడూ చేసేదే కదరా!" నిజమే. మెక్సికో వాళ్ళు ఉత్త బీరులో కూడా నిమ్మ పిండి, ఉప్పూ కారం అద్దుకుని తాగుతారు. మనం మనదే అనుకునే మిరపకాయ కూడా ఆ దేశం వైపు నుంచే ఓడెక్కి వచ్చింది కదా.

"ఇది ఎంత మత్తు?" అమ్మ సూటిగా అడిగింది. వాడు ఫోన్‌లో లెక్క కట్టాడు. అయిదు శాతం బీరు, నలభై శాతం టెకీలా. నలుగురికి పంచితే ఒక్కో గ్లాసులో 20 మి.లీ. అసలు ఆల్కహాలు. 330 మి.లీ. చిన్న బీరు సీసాలో ఉండేది పదహారున్నర. అదే లైట్ బీరు బదులు ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు పోస్తే గ్లాసుకి 25, అంటే ఒకటిన్నర చిన్న సీసాలు. నిమ్మా కమలా కలిపేసరికి అదేమీ నాలిక్కి తెలియదు. షరబత్తులా దిగిపోతుంది. ఈ డ్రింకుతో వచ్చే చిక్కే అది. వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే బండి నడపకూడదని మన చట్టం.

"అయితే మనిషికి ఒక్కటే" అంది అమ్మ. జగ్గు ఖాళీ అయ్యాక రెండోది కలపలేదు.

మా కోడలు మొదట గ్లాసు తీసుకోలేదు. "నాకు అలవాటైపోయింది అమ్మమ్మా. అక్కడ ప్రతి పార్టీకీ డ్రైవర్ని నేనే" అంది. అమ్మ ఆ అమ్మాయి వంక ఓ క్షణం చూసి, "ఇవాళ ఎవరూ బండి తియ్యరు. నీకిష్టమైతే సగం తీసుకో" అంది. ఆ పిల్ల మొహం వెలిగింది. మా వాడు తల దించుకుని తన గ్లాసులోంచే సగం వంచాడు.

తాగనివాళ్ళకి రెండో జగ్గు ఉంది. అదే నిమ్మ, అదే కమలా, పుదీనా, బీరు బదులు గోలీ సోడా. గోలీ సీసా 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు చేసింది. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి, మూతి దగ్గర రబ్బరు రింగుకి బిగించి పెడుతుంది. వేరే బిరడా అక్కర్లేదు. వేలితో నొక్కితే కుయ్యిమంటూ దిగుతుంది. మా డల్లాస్ వాడు సీసా కొట్టలేక రెండుసార్లు చొక్కా తడుపుకున్నాడు. అప్పుడు అమ్మే అందుకుని కొట్టి చూపించింది.

సాయంత్రం అయిదింటికి, నేను భయపడుతున్న మాట రానే వచ్చింది. మా పెద్దన్నయ్య కొడుకు లేచి, "నానమ్మా, తాళమివ్వు. బరి దగ్గరికెళ్ళి ఓ గంటలో వచ్చేస్తా" అన్నాడు. కోడి పందేలు జరిగే చోట పండగ మూడు రోజులూ ఎంత ఏరులై పారుతుందో మా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు.

"కూచోరా" అంది అమ్మ.

"ఒక్క గ్లాసే కదా నానమ్మా. నాకేం అవలేదు."

"మీ తాత కూడా రోజూ అదే చెప్పుండేవాడు, ఎవరికి చెప్పాడో ఏమో. నాకు చెప్పలేదు."

వసారా అంతా నిశ్శబ్దమైపోయింది. మా నాన్న గురించి ఆ ఇంట్లో, అంతమంది పిల్లల ముందు, అమ్మ ఆ మాట అనడం ముప్పై ఏడేళ్ళలో నేను వినలేదు. ఆ కుర్రాడు తాత ఎలా పోయారని అప్పుడు అడిగాడు. వాడికి ముప్పై ఏళ్ళు. యాక్సిడెంట్ అని మాత్రమే తెలుసు వాడికి. అమ్మ చెప్పింది. పదిన్నరకి రోడ్డు, లారీ, కిళ్ళీ వాసన, అన్నీ. మధ్యలో మా అక్క లేచి లోపలికెళ్ళబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ తర్వాత ఎవరూ బరి మాట ఎత్తలేదు. చీకటి పడ్డాక అందరం నడుచుకుంటూ గుడి దాకా వెళ్ళాం. లారీలన్నీ ఇప్పుడు బైపాస్ మీద వెళ్ళిపోతున్నాయి గానీ, ఒకప్పటి ఆ రోడ్డు దాటేటప్పుడు మా పెద్దన్నయ్య కొడుకు నానమ్మ చెయ్యి పట్టుకున్నాడు. తాళాలు ఆవిడ కొంగుముడిలోనే ఉన్నాయి, అడుగేసినప్పుడల్లా గలగలమంటూ.

తిరిగొచ్చాక మిగిలిన సోడా జగ్గులోంచి అమ్మ ఓ గ్లాసు పోయించుకుంది. ఒక గుక్క తాగి, అంచు మీది ఉప్పూ కారం నాలిక్కి తగిలించుకుని చూసింది.

"బాగానే ఉందిరా. కారం మాత్రం దుకాణందిలా ఉంది. ఈసారి వచ్చినప్పుడు మన కారం వెయ్" అంది.